రెండు పుట్టుమచ్చలు

నవంబరు మొదటివారం. మధ్యాహ్నం.
నామినల్ రోల్స్ నింపుతున్నాను.
బోరబండ హైస్కూలు, పదో తరగతి, బి సెక్షను,
నలభై ఆరుగురు.

పేరు, ఇంటిపేరుతో సహా,
ఆధార్‌లో ఉన్నట్టే, ఒత్తు పోకుండా.
తండ్రి. తల్లి. పుట్టిన తేదీ.
సగం మంది జూన్ నెలలోనే పుట్టారు,
ఒకటో తరగతిలో చేర్చుకున్న సారు చలవ.
చివర్న రెండు గడులు:
పుట్టుమచ్చలు.

ఒక్కొక్కరే బల్ల దగ్గరికొచ్చి
తమ ఒంట్లో తామే వెతుక్కుంటారు,
మోచెయ్యి తిప్పి, కాలరు జరిపి.
"ఇది మచ్చనా టీచర్, సిరానా?"
తడివేలితో రుద్దాను. సిరానే.

మీర్జా అద్నాన్‌కి మెడ మీదే మూడున్నాయి,
ఒకటి అప్పిస్తానంటాడు పక్కవాడికి.
ఇస్లావత్ గోపీకి ఎంత చూసినా ఒక్కటే.
"ఏదో ఒకటి రాయుండ్రి టీచర్, ఎవరు చూస్తరు?"
చూస్తార్రా.
నేను ఉద్యోగంలో చేరిన రోజు
గుమాస్తా కళ్ళజోడు ఎత్తి మరీ
నా బుగ్గను కాగితంతో పోల్చుకున్నాడు.

కావలి శివలీల రాలేదు.
రిజిస్టరులో ఆమె వరుస నిండా
ఎర్రసిరా.
హాజరు అరవై ఆరు శాతం, ఉండాల్సింది డెబ్బై ఐదు.
ఆ తొమ్మిదికీ
రుసుము కట్టాలి, డాక్టరు కాగితం పెట్టాలి.
ఏం జబ్బని రాయించను?

సాయంత్రం రిజిస్టరు సంచిలో వేసుకుని
మోతీనగర్ అవతల
ఇంకా కిటికీలు పెట్టని అపార్ట్‌మెంటుకు వెళ్ళాను.
సెల్లారులో రెండు రేకులు, ఒక పరదా, ఒక పొయ్యి.
పైపు పట్టుకుని పచ్చిగోడలు తడుపుతోంది శివలీల,
స్కూలు యూనిఫాం లంగా ఎత్తి దోపుకుని.
ఇసుక కుప్ప మీద తమ్ముడు.

"పరీక్ష రాస్త టీచర్,
బడికి వచ్చుడే అయితలేదు.
ముప్పై ఐదు చాలు గద? హిందీల ఇరవయ్యే."
గట్టెక్కే లెక్క ఆమెకు నాకన్నా బాగా తెలుసు.

"తమ్ముణ్ణి తీసుకునే రా."
"హెచ్చెమ్ సారు?"
"నేను చెప్పుకుంటా."

రిజిస్టరు తెరిచాను.
చెయ్యి కడుక్కుని చాపింది.
సిమెంటు పొర కరిగి, మణికట్టు దగ్గర ఒకటి తేలింది.
రెండోది?
ముఖం, మెడ, అరికాలు. లేదు.

ఇటుకలు దించి అప్పుడే వచ్చిన వాళ్ళమ్మ
తల మీది గుడ్డచుట్ట తియ్యకుండానే అంది:
"నడుము మీద, ఎడమదిక్కు, గురిగింజంత.
పుట్టిన్నాడు నేనే చూసిన."

శివలీల చెయ్యి వెనక్కి పోనిచ్చి తడుముకుంది.
పదిహేనేళ్ళుగా తనతోనే ఉన్నదట,
చెప్పేదాకా తెలీదు.
నేను రాశాను.
ఆ తల్లి నా పెన్ను కదిలినంతసేపూ
కాగితాన్నే చూసింది,
తను చెప్పిన మాట ఎక్కడ కూర్చుందో అని.

మర్నాటి నుంచి సాయంకాలం స్పెషల్ క్లాసులో
వెనక బెంచీ మీద ఒక చిన్నవాడు.
పిల్లలకిచ్చే ఉడకేసిన శనగల్లో
అక్క వాటా వాడిది.
నేను త్రికోణమితి చెబుతుంటే
ఎంఎంటీఎస్ కూతేస్తే చాలు
లేచి నిలబడతాడు.
బస్తీ దవాఖానా డాక్టరమ్మ
జ్వరం అని రాసిచ్చింది, తల ఎత్తకుండా.
రుసుముకి స్టాఫ్‌రూమ్ చీటీలో నా వంతు తీశాను,
ఇంట్లో ఇంకా చెప్పలేదు.
శివలీల సున్నలు తగ్గాయి, పోలేదు.
మొన్న సోమవారం మళ్ళీ ఎర్రసిరానే.

ఇంక మిగిలింది ఒక్క గడి.
"గోపీ, రెండోది మీ అమ్మనడుగు."
"తండాల ఉన్నది టీచర్."
నా ఫోను ఇచ్చాను.

వరండా చివర, నీళ్ళ ట్యాంకు పక్కన,
యాడీ అని మొదలుపెట్టి
నాకు రాని భాషలో ఏదో అడిగాడు.
అవతల నవ్వు ఇక్కడిదాకా వినపడింది.
విన్నాడు, మళ్ళీ విన్నాడు.
వాడి చెయ్యి నెమ్మదిగా
చెవి వెనక్కి పోయి
అక్కడే ఆగింది.